లోపల వదిలిన గుడ్డ

షాపులో అబ్బాయి ఐదు కిలోవాట్లన్నాడు.
అంత ఎందుకయ్యా అంటే
ఎందుకైనా మంచిదమ్మా అన్నాడు.
ఎందుకైనా మంచిదని వదులుగా కుట్టిన జాకెట్టు
ఏనాడైనా భుజం మీద నిలిచిందా?

మీరావలి సింగ్ నగర్ సందులన్నీ తిరిగి
మా మెట్లెక్కేసరికి
టేపు ఇంకా నా మెడలోనే ఉంది.
పాత కరెంటు బిల్లు తిరగేసి, పెన్సిల్ తీసి,
చెప్పక్కా, ఇంట్లో ఏమేం తిరుగుతాయి అన్నాడు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో
ఎవరూ నన్నిలా లెక్క అడగలేదు.
నాలుగు ఫ్యాన్లు, మూడువందలు.
వంటింటిది తిరగదు, అయినా రాయి.
ఎనిమిది లైట్లు కలిపి డెబ్బై రెండు.
ఫ్రిజ్జు నూట యాభై.
కుట్టుమిషన్లు రెండూ మోటార్లవే, రెండువందలు.
ఇస్త్రీపెట్టె ఒక్కటే వెయ్యి.
వెయ్యా!
రోజూ ఇంత తిప్పుతున్నానని
మోచేతికి తెలుసు గాని నాకు తెలీదు.
మిక్సీ, టీవీ.
చివర్న మెట్ల కింద నీళ్ళ మోటారు, ఒక హార్స్ పవరు.

కూడితే మూడువేల పైచిలుకు.
ఐదే నయమేమో అన్నాను, జంకుతూ.
మీరావలి నవ్వాడు.
ఇంట్లో అందరూ ఒక్కసారే అరుస్తారా అక్కా?
అరవరు.
మిక్సీ తిరిగేటప్పుడు ఇస్త్రీపెట్టె చల్లగానే ఉంటుంది,
నాకున్నవి రెండు చేతులేగా.
కూడిక కాదు, కలిసి తిరిగేవి చూడాలన్నాడు.
మరీ పెద్దది పెడితే
పనున్నా లేకున్నా దాని తిండి అది తింటుంది.

ఒక్క మోటారు దగ్గరే జాగ్రత్తక్కా.
తిరగడం మొదలెట్టాక ఏడువందల యాభై.
లేచే క్షణాన మాత్రం దానికి మూడింతలు గుంజుతుంది.
ఆ గుక్కకు పెట్టె తట్టుకోవాలి.

ఆ మాటకి నా చెయ్యి టేపు మీదికి పోయింది.
పదిహేనో ఏట మా మేస్త్రమ్మ చెప్పిందిదే:
ఛాతీ కొలత ఊపిరి వదిలినప్పుడు తీయకు,
పీల్చమని తీయి.
లేకపోతే మొదటి తుమ్ముకే హుక్కులు ఊడతాయి.

అయితే మూడు చాలు అని అడుగున గీత గీశాడు.
ఎక్కడ బిగించమంటావంటే గోడ చూపించాను.
బుడమేరు నీళ్ళు నిలిచిన మరక,
రెండుసార్లు సున్నం కొట్టినా పోలేదు.
సరిగ్గా నా ఛాతీ ఎత్తు.
ఆ వారం కరెంటు లేదు.
పాత మిషన్లు రెండూ ఆ నీళ్ళలోనే,
జనం ఇచ్చిన జాకెట్లు నలభై ఒకటి.
మరకకి రెండు జానలు పైన పెట్టు నాయనా.

అప్పుడు దగ్గాడు ఏసోబు.
ఎప్పట్నుంచి నిలబడ్డాడో గుమ్మంలో.
ఇంకోటి రాయాలి తమ్ముడూ అన్నాడు,
నావైపు చూడకుండా.
గ్యాసు ఆటో అమ్మేస్తాడట.
బ్యాటరీ ఆటోకి అడ్వాన్సు కట్టేశాడట, ఆదివారమే.
చార్జరు ఇంకో వెయ్యి.

వంటింట్లో ఉడికిపోతున్నానని
మూణ్ణెల్లుగా చెబుతున్న నాకు
ఒక్క మాట చెప్పకుండా.

నేనేమీ అనలేదు.
ఎదిగే పిల్లల గౌన్లకి
కుట్టు లోపల రెండంగుళాలు వదులుతాను,
పైకి కనపడదు.
మొగుళ్ళకి కూడా వదలాలని
మేస్త్రమ్మ నేర్పలేదు.

మీరావలి పెన్సిల్ కొరుకుతూ అడిగాడు,
ఎన్నింటికి చార్జింగు పెడతావన్నా?
పన్నెండు దాటితే ఈ ఎండకి
బెంజి సర్కిల్లో కూడా బేరం దొరకదు,
ఇంటికొచ్చి తిని, మూడింటిదాకా, అన్నాడు ఏసోబు.
ఆయన్ని రోడ్డు మీంచి తరిమిన ఎండే
మేడెక్కి ఆయన ఆటోకి అన్నం పెడుతుందన్నమాట.

పదకొండున్నరకే ఇస్త్రీ ఆపేస్తానన్నాను.
నీళ్ళ మోటారు పొద్దున్నే.
అయితే మూడే అన్నాడు మీరావలి,
మీరిద్దరూ మాట మీద నిలబడితే.

నిలబడతామో లేదో.
వంటింటి ఫ్యాను మాత్రం రేపే,
చార్జరు కంటే ముందు.
డెబ్బై ఐదు వాట్లు.
రాసే ఉంది, చూస్కో.